మూల యంత్రం కింద ఇటుక

మార్గశిరం చలికి మనుషులు దుప్పట్లు కప్పుకుని తిరుగుతుంటే కాలవల ఆఫీసులో కంప్యూటర్లకు ఫ్యాన్లు పెడుతున్నారట. పక్కింటి కోటేశ్వరమ్మ పాలు పోయించుకుంటూ కుసుమతో అన్న మాట ఇది. కోటేశ్వరమ్మకు ఆమె తోడికోడలు చెప్పిందట. తోడికోడలికి ఆఫీసు ముందు టీ బడ్డీ ఆయన చెప్పాడట. ఒక్కో కంప్యూటరుకు ఒక్కో ఫ్యాను, ఒక్కో బల్ల కాలి కింద ఒక్కో ఇటుక. ఆ ఇటుకలకు పసుపూ కుంకుమా ఇంకా పెట్టలేదుగానీ రేపో మాపో అదీ అవుతుందట. మీ ఆయన చేసేది ఆ ఆఫీసులోనేగా, పెద్ద కంప్యూటరుకు గాలేమన్నా సోకిందా అని కూడా ఆరా తీసిందట.

శేషారత్నం అన్నం కలుపుకుంటూ భార్య చెప్పిందంతా విన్నాడు. కాదందామంటే ఎలా? ఫ్యాన్లు దించుకున్నట్టు సంతకం పెట్టింది తనే. బట్టీకి పోయి ఇటుకలు ఏరి తెచ్చిందీ తనే.

"పసుపు కుంకుమ మాట అబద్ధం," అన్నాడు చివరికి.

"మిగతాదో?"

"మిగతాది వర్క్‌షాపు."

కుసుమ మజ్జిగ గిన్నె ఆయన ముందుకు జరిపి అసలు సంగతి బయటపెట్టింది. చినమల్లవరం నుంచి అమ్మ ఫోను చేసింది. మిరప తోట పూత మీదుంది. ఈ తడి అందకపోతే పూత నిలవదు. కాలవలో నీళ్లు ఒడ్లొరుసుకుని పోతున్నాయి, తమ తూముకు మాత్రం షట్టరు ఎత్తే నాథుడు లేడు. అల్లుడు కాలవల ఆఫీసులో ఇంజనీరై ఉండి అత్తగారి తోట ఎండబెడుతున్నాడని ఊళ్లో ఒకటే నవ్వులట.

"ఈ వారంలో వస్తాయని చెప్పు," అన్నాడు శేషారత్నం. మాట నోరు దాటాక గానీ, ఇచ్చింది తానే అయినా తీర్చాల్సింది తాను కాదన్న సంగతి తట్టలేదు.

ఆ కాలవ కింద ఏ తూముకు ఏ రోజు నీళ్లో తేల్చేది ఒక కంప్యూటరు ప్రోగ్రాం. పూర్వం వంతులు చేత్తో రాసేవారు. చేతిరాత అన్నాక ఒకరి బావమరిది వంతు ముందుకు జరగడం, ఇంకొకరి వంతు వెనక్కి పోవడం, గట్ల మీద పారలు లేవడం మామూలే. ఆ రోత పడలేక ఎవరో పుణ్యాత్ముడు ప్రోగ్రాం రాసిపెట్టి, రిటైరై, కాశీ పోయాడు. అప్పటి నుంచీ కంప్యూటరు అచ్చేసిన చీటీ చూస్తేనే కాలవ కాసే లస్కరు షట్టరు ఎత్తాలి, చేత్తో రాసింది చెల్లదు అని ఉత్తర్వు.

ఆ ప్రోగ్రాం ఆఫీసు మూలగదిలో ఉన్న ఒకే ఒక్క పాత కంప్యూటరులో నడిచేది. దాని బల్లకు ఒక కాలు పొట్టి, కింద ఇటుక. దానికి వేడెక్కే జబ్బు, ఎదురుగా కీచుమనే టేబులు ఫ్యాను. ఏడో అంకె మీట ఎప్పుడో ఊడిపోతే ఆపరేటరు జానీబాషా ఆ గుంటలో పెన్ను మూతతో నొక్కేవాడు. మధ్యలో మొరాయిస్తే ఎడమచేత్తో పక్కన ఒకటి చరిచేవాడు, మళ్లీ కదిలేది. దాని లోపలి గడియారం పదిహేనేళ్ల వెనక ఎక్కడో ఆగిపోయింది. చీటీ మీద పాత తేదీ పడితే జానీబాషా పెన్నుతో కొట్టేసి ఆనాటి తేదీ వేసేవాడు. లస్కరు ఏసోబు ఆ చీటీ జేబులో పెట్టుకుని పోయి షట్టరు ఎత్తేవాడు. నీళ్లు పారేవి. ఇందులో చదువుకున్నవాళ్లు చూసి మెచ్చుకోదగ్గది ఏమీ లేదు, నీళ్లు పారడం తప్ప.

అలా ఉండగా ఆఫీసుకు పెద్దయిన సూపరింటెండింగ్ ఇంజనీరు, ఎస్‌.ఈ. దక్షిణామూర్తి గారు రాజధానిలో ఏదో శిక్షణకు పోయి 'రీఫాక్టరింగ్‌' అనే మాట పట్టుకొచ్చారు. కొత్త చెప్పులు కొనుక్కున్నవాడు పనిలేకపోయినా వీధిలో నాలుగు సార్లు తిరిగినట్టు, ఆ మాటను ఆఫీసులో అన్ని గదుల్లోనూ తిప్పారు. స్టాఫ్ మీటింగులో దానికి అర్థం కూడా చెప్పారు.

"బాహ్య ప్రవర్తనకు లేశమాత్రం భంగం వాటిల్లకుండా అంతర్గత నిర్మాణమును ఆమూలాగ్రం సంస్కరించుటయే రీఫాక్టరింగ్‌ అనబడును."

శేషారత్నం దాన్ని తన భాషలోకి దించుకున్నాడు. కాపురం కదలకుండా ఇంటి దూలాలు మార్చడమన్నమాట. మంచి పనే అనుకున్నాడు, మనస్ఫూర్తిగానే అనుకున్నాడు. ఆ ప్రోగ్రామును ఆయన ఒకసారి విప్పి చూశాడు. ముసలమ్మ బొంతలాగా అతుకు మీద అతుకు, ఏ ముక్క ఎక్కణ్ణించి వచ్చిందో కుట్టినవాడికే తెలియదు. ఎవరో ఒకరు శుభ్రం చేయాల్సిందే. అందుకు వర్క్‌షాపు పెట్టడంలోనూ తప్పు లేదు. ఇరవై మంది ఇంజనీర్లను పిలిచి, ఇరవై కొత్త కంప్యూటర్లు తెప్పించి, నేర్పడానికి హైదరాబాదు నుంచి అనిరుధ్ అనే కుర్రాణ్ణి మాట్లాడారు.

చిక్కంతా ఆ కుర్రాడు ఫోనులో చెప్పిన ఒక్క ముక్కతో వచ్చింది. ఇప్పుడు ప్రోగ్రాం ఏ మిషన్‌లో నడుస్తోందో అందరి మిషన్లూ అచ్చం దానిలాగే ముందే సిద్ధం చేసి ఉంచండి, ఒకదానికి ఒకటి తేడా ఉంటే మన టైమంతా దానికే పోతుంది అన్నాడు. పాపం, అతను అన్నది లోపల ఎక్కించే సాఫ్ట్‌వేర్ల గురించి. ఎస్‌.ఈ. గారు విన్నది మొత్తం గురించి. మర్నాటికల్లా 'యథామూల వాతావరణ నిర్మాణ సంఘం' ఏర్పడింది. మూలగది కంప్యూటరుకు 'మూల యంత్రం' అని పేరు పెట్టారు. సంఘానికి కన్వీనరు శేషారత్నం.

కొత్త కంప్యూటర్లు చకచకా నడవడం మొదటి అభ్యంతరం అయింది. మూల యంత్రం తెరుచుకోవడానికి ఒక టీ తాగేంత సేపు పడుతుంది. ఇవి చిటికెలో తెరుచుకుంటున్నాయి. ఇది అసమానత అని సంఘం తీర్మానించి, వాటిలో సగం జ్ఞాపకశక్తి పలకలు పీకించింది. తర్వాత ఏడో అంకె మీటలు. కంపెనీ వాళ్లు పంపిన మనిషి, సార్ ఇవి కొత్తవి సార్, గ్యారంటీ పోతుంది సార్ అని వెంటపడి తిరుగుతుండగానే అటెండరు చెంచాతో ఇరవై మీటలూ పెకలించి కవర్లో వేశాడు. పెన్ను మూతలు స్టేషనరీ పద్దు కింద వచ్చాయి. బల్లలు కొత్తవి, నాలుగు కాళ్లూ సరిగ్గా ఉన్నాయి. వడ్రంగిని పిలిచి ఒక్కో కాలు కోయించారు. అప్పుడు గదా ఇటుక పెట్టడానికి సందు దొరికేది.

ఫ్యాన్లు కీచుమనకపోవడం ఇంకో తలనొప్పి. శేషారత్నం ఆ రోజు నవ్వుతూనే అన్నాడు, కీచుమనడానికీ ప్రోగ్రాముకూ సంబంధం ఉంటుందా సార్ అని. ఎస్‌.ఈ. గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"లేదని నిరూపణ అయినదా?"

కాలేదు మరి. ఫ్యాన్ల ఇరుసుల్లో ఇసక పోశారు.

మూల యంత్రం వెనక ఒక బల్లి కాపురం ఉండేది. దాని విషయంలో సంఘం ఒక పూటంతా చర్చించింది. బల్లి వాతావరణంలో భాగమా, కాదా? భాగమైతే ఇరవై బల్లులు ఎక్కణ్ణించి తేవాలి, వాటిని ఏ పద్దు కింద చూపాలి? చివరికి బల్లిని 'ఐచ్ఛిక పరికరం'గా వర్గీకరించి, అందుబాటును బట్టి సమకూర్చుకోవచ్చునని రాశారు. జానీబాషా చరుపును మాత్రం ఐచ్ఛికం చేయలేదు. ఎడమచెయ్యా, ఎంత గట్టిగా, ఎంత ఎత్తు నుంచి అని అడిగితే జానీబాషా ఆలోచించి చెప్పాడు.

"గొడ్డును అదిలించినట్టు సార్. దెబ్బ తగలకూడదు, మాట తగలాలి."

అది రాసుకోవడం ఎలాగో తెలియక, ఇరవై మంది ఇంజనీర్లకూ జానీబాషా చేత చరుపులో శిక్షణ ఇప్పించాలని తీర్మానించారు.

ఈ హడావుడిలో మూల యంత్రాన్ని ఎవరూ ముట్టుకోకూడదని దానికి అడ్డంగా రిబ్బను కట్టి లక్క ముద్ర వేశారు. ప్రమాణంగా నిలిచేది కదా, దాని స్థితి చెదరకూడదు. అది నడవదు కాబట్టి వంతులు తేలవు. వంతులు తేలవు కాబట్టి చీటీలు రావు. చీటీలు లేవు కాబట్టి చినమల్లవరం తూము మూసిన షట్టరు మూసినట్టే ఉంది.

శేషారత్నం మొదట నోటితో చెప్పాడు. ఒక్కసారి దాన్ని నడిపి చీటీలు తీసుకుని, తర్వాత ఎన్నాళ్లయినా ముద్ర వేసుకుందామని. నడిపితే మారును, మారితే మూలము కాదు అన్నారు ఎస్‌.ఈ. గారు. పోనీ ఈ ఒక్క తడికి చేత్తో రాసిద్దామన్నాడు. మానవహస్తం సోకిన వంతు చెల్లదని ఉత్తర్వు తమకు తెలియదా అన్నారు. అప్పుడు శేషారత్నం, కాగితం మీద పెడితే కాదనలేరని నోటు పెట్టాడు. చివరి భూముల్లో మిరప పూత మీద ఉంది, నీటి వంతు అత్యవసరం అని.

ఆ నోటుకు జవాబు రావడానికి ముందు ఇంకో మెలిక పడింది. మూల యంత్రం గడియారం పదిహేనేళ్లు వెనక ఉంది కాబట్టి ఇరవై గడియారాలనూ వెనక్కి తిప్పారు. అక్కడితో ఊరుకుంటే ఏ గొడవా ఉండకపోను. వర్క్‌షాపు కాగితాలన్నీ ఆ కంప్యూటర్లలోనే తయారవుతున్నాయి గనక వాటి మీద కూడా పాత తేదీలే పడ్డాయి. అకౌంట్సు ఆఫీసరు పట్టుకున్నాడు. ఆ తేదీకి దక్షిణామూర్తి గారు ఇంకా ఎస్‌.ఈ. కాలేదు, ఆయన సంతకం ఎలా చెల్లుతుందని. ఎస్‌.ఈ. గారు ఒక పూట ముఖం చిన్నబుచ్చుకున్నారు. తర్వాత తెలివి తెచ్చుకుని తన మట్టుకు ప్రత్యేక మినహాయింపు రాసుకున్నారు, తన సంతకంతోనే. మినహాయింపు ఆయన ఒక్కరికే. మిగతా వాళ్లందరికీ యంత్రం తేదీయే వర్తిస్తుంది.

శేషారత్నం నోటు వెనక్కి వచ్చింది. 'సదరు తేదీ నాటికి ఉద్యోగంలో చేరియుండని వ్యక్తి సమర్పించిన నోటు పరిశీలనార్హం కాదు' అని ఎర్ర సిరాతో ఉంది. నిజమే. ఆ తేదీకి ఆయన పాలిటెక్నిక్‌ మొదటి సంవత్సరం, లెక్కల్లో తప్పి ఇంట్లో తిట్లు తింటున్నాడు.

ఆ మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయాక శేషారత్నం మూలగదిలోకి వెళ్లాడు. రిబ్బను మీద చెయ్యి వేశాడు. లక్క ముద్ర ఎంతసేపు, గోటితో తీస్తే వస్తుంది. చీటీలు తీసుకుని మళ్లీ అంటిస్తే కనుక్కునేవాడు లేడు. బల్లి తెర వెనక నుంచి తల బయటపెట్టి చూసింది. ఆయనది కాంట్రాక్టు ఉద్యోగం, మార్చిలో రెన్యూ కావాలి, దాని మీద కావలసింది దక్షిణామూర్తి గారి సంతకం, ఆ సంతకానికి అన్ని తేదీల్లోనూ మినహాయింపు ఉంది. చెయ్యి తీసేసి, రిబ్బను మడత సరిచేసి బయటికొచ్చాడు.

సాయంత్రం తూము దగ్గరికి బండేసుకుపోయి ఏసోబును బతిమాలాడు. ఏసోబు తలపాగా విప్పి దులిపి మళ్లీ కట్టుకున్నాడు. కిందటిసారి ఎవరో పెద్దమనిషి నోటిమాట విని షట్టరు ఎత్తితే మూణ్ణెల్లు ఇంట్లో కూర్చోబెట్టారని గుర్తు చేశాడు.

"మీరు చెప్పండి సార్ ఎత్తుతా. రేపు అడిగితే మీరు చెప్పారని చెప్తా. చెప్పమంటారా?"

శేషారత్నం బండి తిప్పుకున్నాడు. దారిలో అత్తగారు సామ్రాజ్యమ్మ తోట గట్టు మీద కనపడింది. ఆకులు మధ్యాహ్నప్పూట ముడుచుకుంటున్నాయని, పొద్దు వాలాక మళ్లీ లేస్తున్నాయని చెప్పింది. లేస్తున్నంత వరకూ పర్లేదు అంది. అల్లుణ్ణి ఒక్క మాట అనలేదు. మంచినీళ్లు తాగిపో నాయనా అంది.

వర్క్‌షాపు రోజు రానే వచ్చింది. హాలులో ఇరవై కుంటి బల్లలు, ఇరవై ఇటుకలు, చలిలో ఇరవై ఫ్యాన్లు. వచ్చిన ఇంజనీర్లు మఫ్లర్లు బిగించుకుని కూర్చున్నారు. సంఘం వారి పట్టుదల మీద గోడకు మూలగదిలో ఉన్నచోటే, ఉన్నంత మేరే చెమ్మ మరక రంగుతో వేయించారు. పెయింటరు మంచి పనివాడు, చెయ్యి పెట్టి చూస్తే గానీ తెలియదు. చీఫ్ ఇంజనీరు గారు కొబ్బరికాయ కొట్టి, మొదటి చరుపు ఆయనే చరిచి ప్రారంభించారు.

ఇరవై కంప్యూటర్లూ ఒక టీ తాగేంత సేపటికి తెరుచుకున్నాయి. ఇరవైలోనూ ప్రోగ్రాం కదిలింది. మూల యంత్రం ఎక్కడ మొరాయించేదో సరిగ్గా అక్కడే ఇరవై మొరాయించాయి. జానీబాషా చెయ్యి ఊపగానే ఇరవై మంది ఎడమచేతులు ఎత్తి గొడ్డును అదిలించినట్టు చరిచారు. ఇరవై చీటీలు ఒక్కసారిగా బయటికొచ్చాయి. పక్కపక్కన పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. అన్నిటి మీదా పదిహేనేళ్ల కిందటి తేదీ. హాలంతా చప్పట్లు. ఎస్‌.ఈ. గారి కళ్లు చెమర్చాయి.

చినమల్లవరం వంతు చీటీలో మొదటి వరసలో ఉంది. శేషారత్నం ఒక చీటీ పట్టుకుని పరుగున ఏసోబు దగ్గరికి పోయాడు. ఏసోబు దాన్ని ఎండకు పెట్టి చూశాడు.

"ఈ నీళ్లు ఎప్పుడో పారిపోయినయ్యి గద సార్," అన్నాడు. "జానీ దిద్దలేదే?"

జానీబాషా దిద్దడానికి పెన్ను తీశాడు కూడా. సంఘం వారించింది. ఒక చీటీ మీద పెన్ను పడితే పందొమ్మిదింటితో తేడా వస్తుంది. ఇరవైటి మీదా పడితే చేతిరాతలో తేడా వస్తుంది. ముగింపు సభ అయ్యేదాకా ఏ కాగితం మీదా గీత పడటానికి వీల్లేదు.

మూడో రోజున అనిరుధ్ చెయ్యి ఎత్తి మెల్లగా అడిగాడు. అంతా సిద్ధమైంది కదా సార్, ఇక ప్రోగ్రాం తెరిచి ఒక్కో ముక్కా శుభ్రం చేయడం మొదలుపెడదామా అని. ఎస్‌.ఈ. గారు ఆ కుర్రాణ్ణి జాలిగా చూశారు.

"ఒకరు ఒక ముక్క మార్చినచో మిగిలిన యంత్రములతో సమానత్వము చెడదా? ఇంత శ్రమించి నిర్మించిన వాతావరణమును మన చేతులతో మనమే ధ్వంసము చేసుకొందుమా?"

"మరి రీఫాక్టరింగ్‌ సార్?"

"బాహ్య ప్రవర్తన మారరాదన్నది మీ శాస్త్రమే గదా నాయనా. మారినదా?"

"లేదు సార్."

"అయినది గదా."

అనిరుధ్ తన సంచి సర్దుకున్నాడు. అతను శిక్షణ ఇచ్చినట్టు సర్టిఫికెట్టు మీద కూడా దక్షిణామూర్తి గారి సంతకమే కావాలి.

ముగింపు సభకు రైతులు కావాలన్నారు. ప్రజలు చెప్తేనే ఫలితం తెలుస్తుందని చీఫ్ ఇంజనీరు గారి అభిప్రాయం. చివరి భూముల నుంచి ఒకరిని తీసుకురమ్మని శేషారత్నాన్ని పంపారు. ఆయన ఇంకెవరి గడప తొక్కడానికీ మొహం చెల్లక అత్తగారినే బండెక్కించుకొచ్చాడు. సామ్రాజ్యమ్మ ఉతికిన చీర కట్టుకుని, చేతుల మట్టి మాత్రం పోక, ముందు వరసలో మఫ్లర్ల మధ్య కూర్చుంది. పక్క బల్ల మీద ఫ్యాను తిరుగుతుంటే కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది.

ఎస్‌.ఈ. గారు చాలాసేపు మాట్లాడారు. మూల యంత్రాన్ని రిబ్బనుతో సహా వేదిక మీదికి తెప్పించి పూలదండ వేశారు. ఈ మూడు రోజులలో జరిగిన సంస్కరణ అంతర్గతమనీ, కంటికి కనపడదనీ, కనపడకపోవడమే దాని గొప్పతనమనీ చెప్పారు. చివరగా గొంతు పెంచారు.

"లోపల ఎంత జరిగినా, బయటికి రవ్వంత తేడా లేదు."

సరిగ్గా అప్పుడు మూల యంత్రం వెనక నుంచి బల్లి పలికింది. హాలులో సగం మంది వేళ్లతో బల్లల మీద తట్టి సత్యం సత్యం అనుకున్నారు. ఎస్‌.ఈ. గారు మురిసిపోయి, ఆ ఊపులో మైకు పట్టుకుని కిందికి దిగి సామ్రాజ్యమ్మ ముందుకొచ్చారు.

"చెప్పమ్మా. రైతుగా నీవు చెప్పు. బయటికేమైనా తేడా కనపడినదా?"

సామ్రాజ్యమ్మ లేచి నిలబడింది. అల్లుడి వంక ఒకసారి చూసింది. ఆయన ఇటుకల వైపు చూస్తున్నాడు.

"లేదయ్యా," అంది మైకులో. "మా తోటా అట్టనే ఉంది. పూతంతా రాలిపోయింది, లోపల చెట్టు ఎండిపోయింది, బయటికి మాత్రం నిలబడే ఉంది."